దొంగాకలి

(విజయవాడలోని ఒక మహిళా కళాశాలలో విద్యార్థినులు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరు పోకుండా అక్కడక్కడా చిన్న సవరణలు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్న అమ్మలకి వినిపిస్తోందా? సరే.

మేడమ్ గారు ఫోన్ చేసి ఏ విషయం మీద మాట్లాడతావమ్మా అని అడిగితే "ఈటింగ్ డిజార్డర్" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా "అంటే డైటింగ్ గురించా?" అన్నారు. (నవ్వులు) ఆవిడ తప్పేం లేదు. మనకి కామెర్లున్నాయి, పక్షవాతం ఉంది, అజీర్తి ఉంది. దీనికి మాత్రం జనం నోట్లో నలిగిన పేరు లేదు. మా నాయనమ్మ ఒక పేరు పెట్టింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందే ఒక మాట. నా బరువెంతో, ఎన్ని కిలోలు తగ్గానో, తిన్నది ఒంట్లో ఉండకుండా ఏం చేసేదాన్నో ఇవాళ చెప్పను. సిగ్గుపడి కాదు. జబ్బుగా ఉన్న రోజుల్లో నేను ఇలాంటి ప్రసంగాలు, వీడియోలు వెతుక్కుని మరీ చూసేదాన్ని, ఏదైనా కొత్త చిట్కా దొరుకుతుందేమోనని. ఈ హాల్లో అలాంటి పిల్ల ఒక్కతి కూర్చుని ఉన్నా, ఆమెకి ఆ సాయం నేను చేయను.

నా జబ్బు పేరు బులీమియా. పగలంతా తినకుండా ఉండడం, రాత్రికి ఆగలేక, ఆపలేక తినడం, తిన్నాక భయం పట్టుకుని దాన్ని వదిలించుకోవడం. మర్నాడు మళ్ళీ "ఇవాళ్టి నుంచి బుద్ధిగా ఉంటాను" అని పస్తు. ఇదొక గానుగ. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టారు. అంటే ఈ పేరు మా అమ్మకన్నా చిన్నది. అసలు తిండే మానేసే అనోరెక్సియా పేరు ఇంకా పాతది, దాన్ని 1870లలోనే విలియం గల్ అనే ఇంగ్లండ్ డాక్టరు పెట్టారు. వదిలించుకోవడం లేకుండా అదుపు తప్పి తినడం ఒక్కటే ఉండే బింజ్ ఈటింగ్ జబ్బుని అమెరికా మానసిక వైద్యుల జాబితాలో విడి జబ్బుగా చేర్చింది 2013లో. జబ్బులు కొత్తవి కావు, పేర్లే కొత్తవి.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. బంతిలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ బూరె వడ్డించబోతున్న అబ్బాయిని ఆపి "ఈ పిల్లకొద్దులే, ఒళ్ళు చేసింది, ఇప్పట్నుంచే చూసుకోవాలి" అంది. ప్రేమగానే అంది. ఆ మాటవల్లే నాకు జబ్బొచ్చిందని నేనను. అలాంటి మాట పడని ఆడపిల్ల ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) చూశారా. అందరం పడ్డాం, అందరికీ జబ్బు రాలేదు. పుట్టుకతో వచ్చేది కొంత, మనిషి స్వభావం కొంత, కడుపు మాడ్చుకుని చేసే డైటింగ్ కొంత, చుట్టూ ఉన్న ఒత్తిడి కొంత కలిస్తేనే వస్తుందంటారు డాక్టర్లు. నాకు అన్నీ కలిశాయి.

చదువు అయిపోయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం, మాదాపూర్‌లో హాస్టల్. అక్కడ నా జబ్బుకి స్వర్గం. ఎవరి టైమ్ వాళ్ళది, ఎవరి కంచం వాళ్ళది. ఎందుకు తినట్లేదని అడిగితే సమాధానం సిద్ధంగా ఉండేది. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపొద్దు. నా అంత భక్తురాలు మా హాస్టల్లో ఇంకొకతె లేదు. (నవ్వులు) దేవుళ్ళు అయిపోయిన రోజుల్లో "గ్యాస్ ట్రబుల్". మనవాళ్ళకి గ్యాస్ అంటే చాలు, ఇంకేం అడగరు, పైగా ఎవరి గ్యాస్ కథ వాళ్ళు మొదలుపెడతారు.

బరువు కొద్దిగా తగ్గినప్పుడు ఆఫీసులో "ఏం చేశావే, మాకూ చెప్పవూ" అని వెంటపడ్డారు. జబ్బుకి చప్పట్లు కొట్టడం అంటే అదే. తర్వాత పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. బులీమియా ఉన్నవాళ్ళలో చాలామంది చూడ్డానికి మామూలుగానే ఉంటారు. ఎముకలు తేలిన మనిషి కోసం వెతికితే మీకు నేను దొరకను. కడుపు డాక్టర్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను, గొట్టం వేసి చూశారు, అంతా బాగుందన్నారు. అనుమానపడింది ఎవరో తెలుసా? పళ్ళ డాక్టరు. నా పైపళ్ళ లోపలివైపు చూసి, చేతిలో అద్దం అలాగే పట్టుకుని, "ఎసిడిటీ ఉందా అమ్మా? వాంతులేమైనా అవుతుంటాయా?" అన్నారు. "లేదండీ" అన్నాను. ఆ తర్వాత ఆ క్లినిక్ ఉన్న వీధిలోకే వెళ్ళలేదు.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, ఎందుకంటే నా పరిస్థితి నాకు అర్థమైంది దీనివల్లే. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. యూరప్‌లో కరువుతో మాడిపోయిన జనానికి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం కోసం. అంతరాత్మ ఒప్పుకోక తుపాకీ పట్టనన్న యువకులు 36 మంది దానికి ముందుకొచ్చారు. శరీరం, మనసు గట్టిగా ఉన్నవాళ్ళనే ఏరుకున్నారు. ఆరు నెలలపాటు వాళ్ళ తిండి దాదాపు సగం చేశారు. ఏమైంది? వాళ్ళకి తిండి తప్ప ఇంకో ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు. కంచాలు నాకారు. కలల్లో తిండి. చిరాకు, దిగులు. మళ్ళీ కావలసినంత పెట్టడం మొదలయ్యాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక తింటూనే ఉన్నారు. వాళ్ళెవరికీ పెళ్ళిబంతిలో పెద్దావిడ మాట తగల్లేదు, సన్నబడాలన్న కోరికా లేదు. ఉన్నది ఆకలి ఒక్కటే.

ఇది చదివిన రోజు నేను ఏడ్చాను. పస్తున్న రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఫోన్‌లో గుత్తివంకాయ కూర వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూసేదాన్ని. అది నా కక్కుర్తి అనుకున్నాను అన్నేళ్ళూ. ఆకలి రుచెరుగదు అంటారు కదా. నేను దాన్ని అణిచిపెట్టానని అనుకుంటున్నాను, అది నాలోనే కూర్చుని రాత్రికోసం ఎదురుచూస్తోంది.

సరే, 2020కి వద్దాం.

మార్చి 21, శనివారం. జనతా కర్ఫ్యూకి ముందురోజు. ఆఫీస్ లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని తెనాలి వచ్చేశాను. నాలుగు రోజులుండి వెళ్దామనుకున్నాను. మా రూమ్మేట్ ఆగి బయల్దేరింది. హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారని హైదరాబాద్ నుంచి వందలమంది బయల్దేరి రాష్ట్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆగిపోయారు, గుర్తుందా? వాళ్ళలో తనూ ఉంది. నేను ముందే చేరినందుకు అందరూ అదృష్టం అన్నారు. నాకు మాత్రం బోనులో పడ్డట్టుంది.

ఎందుకంటే మా ఇల్లు ఎలాంటిదంటే, కాలవకి దగ్గర్లో రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక వరండా. నాన్న రిటైరయ్యారు. అమ్మ, నాయనమ్మ, బ్యాంకు పరీక్షలకి చదువుతున్న తమ్ముడు. బాత్రూమ్ ఒక్కటే, అది వంటింటి పక్కనే. అందులో ఎవరు ఎంతసేపు ఉన్నారో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

మార్చి 25 లాక్‌డౌన్ మొదటి రోజు. అదే రోజు ఉగాది. శార్వరి నామ సంవత్సరం. నాన్న పంచాంగం తెరిచి, "శార్వరి అంటే రాత్రి" అని చెప్పి, ఎందుకో వెంటనే మూసేశారు. అమ్మ బొబ్బట్లు చేసింది. ఐదుగురం కింద కూర్చున్నాం, ఐదు కంచాలు. తొమ్మిదేళ్ళుగా నేను ఇంట్లో అందరితో కలిసి వరసగా మూడు పూటలా తిన్నది లేదు. పండక్కి వచ్చినా రెండు రోజులు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు 21 రోజులట. నేను బొబ్బట్టు వైపు చూస్తూ లెక్కవేశాను: రోజుకి మూడు పూటలు, 21 రోజులు, 63 సార్లు ఈ కంచం ముందు కూర్చోవాలి. దేశమంతా కరోనా లెక్కలు వేసుకుంటుంటే నా లెక్క ఇది. అదీ పొడిగించారు, మే 3 అన్నారు, 17 అన్నారు, 31 అన్నారు. ఆ మధ్య నేను లెక్క మానేశాను.

అమ్మకి తిండి పెట్టడం తప్ప ఇంకో రకంగా ప్రేమ చూపించడం రాదు. "మారు వేసుకో." "ఇంకో ముద్ద." "నీకిష్టమని చేశానే." నేను సగం తిని లేస్తే ఆవిడ మొహం చిన్నబోతుంది. పూర్తిగా తింటే నాకు లోపల గంటలు మోగుతాయి. టీవీలో సరుకులు దొరకవేమో అన్న వార్తలు. నాన్న పొద్దున్నే మాస్కు కట్టుకుని, సంచీ పట్టుకుని వెళ్ళి కందిపప్పు, మినప్పప్పు, నూనె ప్యాకెట్లు తెచ్చి పేర్చారు. మామూలు మనిషికి నిండిన వంటిల్లు ధైర్యం. నాకు రాత్రంతా అది పక్కగదిలోంచి పిలుస్తూ ఉండేది.

ఫోన్ తెరిస్తే ఇంకో గోల. నురుగు కాఫీలు, ఓవెన్ లేకుండా కేకులు. ఆ వెంటనే "లాక్‌డౌన్ అయ్యేసరికి తలుపులో పట్టం" అన్న జోకులు. ఆ వెంటనే ముప్పై రోజుల్లో పొట్ట కరిగించే కసరత్తులు. తినమనేదీ అదే ఫోను, తిన్నందుకు తిట్టేదీ అదే ఫోను. ఆఫీస్ మీటింగులన్నీ వీడియోలోనే కదా, రోజుకి నాలుగైదు గంటలు మూలన చిన్న డబ్బాలో నా మొహం నాకే కనిపిస్తుంది. ఎవరో ప్రాజెక్ట్ గురించి మాట్లాడుతుంటే నేను నా బుగ్గలు చూసుకుంటున్నాను. ఆ సంగతి తర్వాత నాకు వైద్యం చేసిన డాక్టర్‌కి చెప్తే ఆవిడ చేసిన మొదటి పని, నా మొహం నాకు కనపడకుండా చేసే సెట్టింగ్ ఎక్కడుందో చూపించడం. ఇన్ని రోజులు అదొకటి ఉందని కూడా నాకు తెలీదు.

ఇది నా ఒక్కదాని కథ కాదని తర్వాత తెలిసింది. చాలా దేశాల్లో ఆ రెండేళ్ళలో ఈ జబ్బులతో ఆస్పత్రులకి వచ్చేవాళ్ళు పెరిగారు. అమెరికాలో అక్కడి జబ్బుల నియంత్రణ కేంద్రం, అదే సీడీసీ, 2022లో ఒక నివేదిక ఇచ్చింది. టీనేజీ ఆడపిల్లల ఎమర్జెన్సీ కేసుల్లో ఈటింగ్ డిజార్డర్ కేసుల వాటా ఆ కాలంలో రెట్టింపయింది. దినచర్య పోయింది, స్నేహితులు దూరమయ్యారు, రేపేమిటో తెలీదు. ఏదీ మన చేతిలో లేనప్పుడు కంచం ఒక్కటే చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు సిగ్గుపడే విషయం చెప్తాను. జంతికల విషయం.

ఏప్రిల్ మొదటి వారం. అమ్మ ఒక పెద్ద స్టీలు డబ్బా నిండా జంతికలు వండింది, పదిహేను రోజులు రావాలని. మూడో రోజు పొద్దున్న తీసి చూస్తే అడుగున ముక్కలున్నాయి. "ఒరేయ్, ఒక్కడివే డబ్బా ఖాళీ చేశావా? సరుకు దొరకని రోజుల్లో ఆ మాత్రం ఇంగితం లేదా?" అని తమ్ముణ్ణి పట్టుకుంది. వాడు "నేను కాదమ్మా" అంటున్నాడు. నాన్న పేపర్లోంచి తలెత్తి "తింటే తిన్నాడులే" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. లాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మీటింగ్‌లో ఉన్నట్టు నటిస్తూ. ఒక్క మాట అనలేదు. ఈ జబ్బు నా పళ్ళు పాడు చేసింది, జుట్టు ఊడగొట్టింది. వాటన్నిటికన్నా ఆ అయిదు నిమిషాల మౌనం నాకు ఎక్కువ గుర్తు.

వరండాలో నవారు మంచం మీద నాయనమ్మ. ఎనభై దాటిన మనిషి, రాత్రుళ్ళు నిద్ర పట్టదు. గోడకి చెప్తున్నట్టు అంది: "వాణ్ణెందుకే అంటావు. రాత్రిపూట పిల్లి తిరుగుతోంది." అమ్మ "మూత తీసే పిల్లా?" అంది. "తియ్యడమే కాదు, తిని మళ్ళీ మూత పెట్టి పోయే పిల్లి" అంది నాయనమ్మ. నా వైపు చూడలేదు.

హాస్టల్లో అయితే ఏ పిల్లీ ఎవరికీ కనపడదు. లాక్‌డౌన్ నా జబ్బుని పెంచింది, నిజం. కానీ దాన్ని దాచుకునే చాటు కూడా తీసేసింది. ఈ జబ్బు చాటు లేకపోతే బతకలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు. అప్పటికి నా బాధంతా ఈ ఇంట్లోంచి ఎప్పుడు బయటపడతానా అనే.

ఇంకో బాధ కూడా ఉండేది. టీవీలో వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని నడుస్తున్నారు. మన జాతీయ రహదారి మీదే, చెన్నై వైపు నుంచి ఒడిశా దాకా నడిచి వెళ్ళారు. వాళ్ళకి తిండి లేదు. నాకు తిండి ఉండి, దాన్ని పాడు చేసుకునే జబ్బు. "ఒళ్ళు కొవ్వెక్కితే వచ్చే రోగం" అని నన్ను నేనే తిట్టుకున్నాను. మీలో కొందరికీ ఇప్పుడు ఆ మాటే అనిపిస్తూ ఉండొచ్చు. నేనేమీ వాదించను. సిగ్గు ఎంత ఎక్కువైతే రాత్రి అంత ఎక్కువ తినేదాన్ని. ఆ తిట్టు మందుగా పనిచేసి ఉంటే నాకు మొదటి వారంలోనే నయమయ్యేది.

ఏప్రిల్ చివర్లో ఆవకాయ.

కరోనా వచ్చినా, ప్రళయం వచ్చినా మా ఇంట్లో ఆవకాయ ఆగదు. కాయ దొరకడమే గగనమైంది. తోపుడుబండి మీద ఒకాయన తెచ్చాడు. బజార్లో ముక్కలు కొట్టేవాళ్ళు లేరు కాబట్టి నాన్నే కత్తిపీట ముందేసుకుని కూర్చున్నారు. మొదటి నాలుగు కాయలూ ఖూనీ అయ్యాయి. (నవ్వులు) తమ్ముడు, నేను ముక్కలు తుడిచి, టెంక లోపలి పొర తీశాం. అమ్మ పెద్ద బేసిన్‌లో ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి వేసి, పప్పునూనె పోసి మోచేతిదాకా ఎర్రగా చేసుకుని కలిపింది. జాడీకెత్తింది. బేసిన్ అడుగున పిండి, నూనె అంటుకుని ఉంటాయి కదా, అందులో వేడన్నం కుమ్మరించి కలిపింది. ఇక చెప్పక్కర్లేదు, మీకు నోరూరుతోంది, నాకు కనిపిస్తోంది. (నవ్వులు)

అందరం చేతులు చాపాం. నాకు ఒక ముద్ద పెట్టింది.

ఆ ముద్దని నేను అరచేతిలో పెట్టుకుని చూశాను. అప్పటికి పదేళ్ళుగా నేను తినే ప్రతిదానికీ ఒక కేలరీల అంకె ఉంది. ఇడ్లీకో అంకె, చపాతీకో అంకె, అరటిపండుకో అంకె. ఈ ముద్దకి అంకె ఏమిటి? ఎంత అన్నం, ఎంత నూనె, ఎవరికి తెలుసు? అమ్మ చేతికి ఎంత వస్తే అంత. నూనె నా వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదికి కారుతోంది. తమ్ముడు రెండోది అడుగుతున్నాడు. నోట్లో పెట్టుకున్నాను. కారానికి కళ్ళలో నీళ్ళొచ్చాయి, నేను ఏడుస్తున్నానని ఎవరూ కనిపెట్టలేదు. ఇంకోటి తిన్నాను. మూడోది కూడా.

తర్వాత లేచి బాత్రూమ్ వైపు నడిచాను. ఆ నడక నాకు అలవాటైన నడక.

వంటింటి గుమ్మంలో నాయనమ్మ కూర్చుని ఉంది, కాళ్ళు చాపుకుని, దారికి అడ్డంగా. పక్కన చేటలో వెల్లుల్లి. "మీ బాబాయ్ వాళ్ళ జాడీకి రేపు కలపాలి. కూర్చుని ఇవి వలిచిపెట్టు" అంది. "వస్తాను ఉండు నాయనమ్మా" అన్నాను. "ముందు వలువు" అంది. కాళ్ళు తియ్యలేదు. ఎనభై ఏళ్ళ మనిషిని దాటుకుని వెళ్ళలేను కదా. కూర్చున్నాను.

గంటసేపు వలిచాం. ఆవిడ తన పెళ్ళిలో బండి బోల్తా పడిన కథ చెప్పింది, అది నేను నలభైసార్లు విన్నాను. గోళ్ళు మండాయి. చేట నిండింది. ఎప్పుడు తగ్గిందో తెలీదు, లోపలి గాభరా తగ్గింది. అప్పుడు కాళ్ళు ముడుచుకుని, "ఇక పో" అంది. నేను లేవలేదు. అప్పుడు అడిగింది: "ఎన్నాళ్ళ నుంచే ఈ దొంగాకలి?"

దొంగ నిద్ర, దొంగ దగ్గు అంటాం కదా, లేనిది ఉన్నట్టు నటించడం. దొంగతనంగా వచ్చేదీ దొంగే. ఆవిడ ఏ అర్థంలో అందో నాకు తెలీదు. రెండూ సరిపోయాయి.

తిన్న తర్వాత ఒక గంట మనిషిని ఒంటరిగా వదలకుండా చేతికేదో పని చెప్పి, వేరే కబుర్లు చెప్పడం ఈ జబ్బుల వైద్యంలో ఉన్న పద్ధతే అని తర్వాత డాక్టర్ చెప్పారు. నాయనమ్మ మూడో తరగతి కూడా చదవలేదు.

మే నెలలో అమ్మకి చెప్పాను. సినిమాల్లోలాగా కౌగిలించుకోవడం ఏమీ జరగలేదు. "నేను పెట్టిన తిండినే కదే అలా చేశావు" అంది. అంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. నాకు కోపం రాలేదు. ఆవిడకి తెలిసిన వైద్యం అది. మంటలో ఘాటు రాలేదని ఇంకోసారి తీసింది. (నవ్వులు)

నాన్న ఏమీ అనలేదు, వరండాలో పచార్లు చేశారు. సాయంత్రానికి ఒక కాగితం మీద మూడు ఫోన్ నంబర్లు రాసుకొచ్చారు. కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది కూడా మార్చి 25నే, ఆ ఉగాది రోజే. అందువల్ల డాక్టర్లు ఫోన్‌లో, వీడియోలో చూడడానికి దారి తెరుచుకుంది. హైదరాబాద్‌లో ఉన్న ఒక మానసిక వైద్యురాలు దొరికారు. సిగ్నల్ కోసం, చాటు కోసం డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని మాట్లాడేదాన్ని. ఆవిడ ముందు అడిగింది రక్తపరీక్ష. తిన్నది ఒంట్లో ఉండనివ్వకపోతే పొటాషియం పడిపోతుంది, పడిపోతే గుండె లయ తప్పుతుంది. చూడ్డానికి బాగున్న మనిషికి కూడా. మీరు ఇంటికి తీసుకెళ్ళాల్సిన వైద్యం ముక్క ఏదైనా ఉంటే అదొక్కటి.

వైద్యం వినడానికి చాలా చప్పగా ఉంటుంది. వేళకి తినడం. మూడు పూటలు, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, మూడు నాలుగు గంటలకి మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం. ఆకలి లేకపోయినా, నిన్న రాత్రి అదుపు తప్పినా సరే, పొద్దున్న టిఫిన్ మానకూడదు. పస్తు తెగితేనే గానుగ ఆగుతుంది. ఒక మందు కూడా రాశారు. ఒక నోట్‌బుక్‌లో ఏం తిన్నానో, అంతకుముందు మనసులో ఏముందో రాయమన్నారు. అంకెలు రాయొద్దన్నారు.

ఇంట్లోవాళ్ళకి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: కంచం ముందు ఎవరి ఒంటి గురించీ, ఎవరు ఎంత తిన్నారన్న దాని గురించీ మాట్లాడొద్దు. నోరు కట్టేసుకుని అమ్మ పడ్డ కష్టం చూడాలి. గరిటె గాల్లో ఆగిపోయేది. నాన్న సాయంత్రం నాలుగింటికి టీ, రెండు బిస్కెట్లు పట్టుకుని నా పక్కన కూర్చునేవారు, ఆయనవి రెండు, నావి రెండు. రాజకీయాలు మాట్లాడేవారు. ఒక్కరోజు తప్పలేదు. నాయనమ్మ మాత్రం షరతు పాటించలేదు. "బుగ్గలొచ్చాయే, ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అనేసింది ఒకరోజు. ఆ రాత్రి నేను మళ్ళీ జారాను. జూలైలో ఒక వారం మొత్తం జారాను. నయం కావడమంటే మెట్లెక్కినట్టు ఉండదు, కాలవ ఒడ్డున బురదలో నడిచినట్టు ఉంటుంది. పూర్తిగా నిలదొక్కుకోవడానికి నాకు రెండేళ్ళు పైనే పట్టింది.

అమ్మలకి, నాన్నలకి ఒక విన్నపం. "తిన్నావా?" అని అడగడం మానొద్దు, అది మన నమస్కారం. కానీ గుమ్మంలోకి రాగానే "చిక్కిపోయావేంటి", "ఒళ్ళొచ్చిందేంటి" అనే ఆ రెండు మాటలు మింగేయండి. మీ పిల్ల, పిల్లాడు కూడా, ఇది మగపిల్లలకీ వస్తుంది, భోజనం కాగానే ప్రతిసారీ మాయమవుతుంటే, అందరితో తినడం తప్పించుకుంటుంటే, డబ్బాలు ఖాళీ అవుతుంటే, దొంగని పట్టుకున్నట్టు పట్టుకోకండి. పక్కన కూర్చోండి. డాక్టర్‌కి చూపించండి. ఎవరికి ఫోన్ చేయాలో తెలీకపోతే 14416, టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలి. "అది రాదండీ" అని ఎవరైనా అంటే ఆ చట్టం పేరు చెప్పండి.

నాదైపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మా అమ్మాయి ఉపవాసాలు చేస్తానంటుంది, నిజమైన భక్తో ఇదో ఎలా తెలుస్తుందమ్మా?)

మంచి ప్రశ్నండీ. నా అనుభవం చెప్తాను. భక్తితో ఉపవాసం ఉన్న మా నాయనమ్మ మర్నాడు పొద్దున్న హాయిగా తినేది. నేను మర్నాటికి ఇంకో దేవుణ్ణి వెతుక్కునేదాన్ని. (నవ్వులు) ఉపవాసం అయిపోతోందంటే మొహంలో సంతోషం కనిపిస్తోందా, భయం కనిపిస్తోందా, చూడండి. అనుమానంగా ఉంటే మీరే తేల్చుకోవాలని పెట్టుకోకండి, డాక్టర్‌ని అడగండి.

(ఒక విద్యార్థిని: జంతికల సంగతి మీ తమ్ముడికి ఎప్పుడైనా చెప్పారా అక్కా?)

చెప్పాను. ఏడాది తర్వాత, సెకండ్ వేవ్‌లో మళ్ళీ అందరం ఇంట్లోనే ఉన్నప్పుడు. వాడికి ఉద్యోగం వచ్చిన రోజు. "ఆ జంతికలు తిన్నది నేనురా, నువ్వు తిట్లు తింటుంటే నోరు విప్పలేదు, క్షమించు" అన్నాను. ఏడుపొచ్చేసింది. వాడు కాసేపు బుర్ర గోక్కుని, "నువ్వు తిన్నది సగమే అక్కా" అన్నాడు.